ఐదో మలుపు దగ్గర కేక

డులూత్
జూలై 9

మొండి మనిషి డెల్‌కి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అనడానికి లేదనుకో, డ్యూటీ కాగితం వెనక నాలుగు ముక్కలు గీకి పంపావు. నలభై ఏళ్ళ కాపురంలో నాకు నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది, కాస్త తెల్ల కాగితం దొరకలేదా ఆ ఇంట్లో? తిప్పి ముందువైపు కూడా చదివాను. ఆగస్టు మొదటి ఆదివారం, ఆరు గంటలపాటు సాగే కార్ల రేసు, ఐదో మలుపు. పసుపు జెండా పక్కన నీ పేరు ఉంది. నీలం జెండా పక్కన ఖాళీ. ఆ ఖాళీలో పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టింది నువ్వే అయ్యుంటావు. లూథర్ మలుపులన్నిటికీ పెద్ద, అతనికి అంత బతిమాలే ప్రశ్న గుర్తు పెట్టడం చేతకాదు.

రాను. అది చెప్పడానికే రాస్తున్నాను.

నిన్న ఇక్కడ తన వంటింట్లో అక్క అడిగింది. "ఇరవై ఏడేళ్ళు మీ ఇద్దరూ ఆ ఎండలో నిలబడి చేసే పనేమిటే?" అని. చెబితే అర్థం కాలేదు. అందుకని అక్కనే పొయ్యి దగ్గర నిలబెట్టి, నేను ఎదురుగా నిలబడి చూపించాను. "నువ్వు డెల్‌వి అనుకో. కార్లు నీ వెనక నుంచి వస్తాయి, నీకు కనబడవు. నువ్వు నా వెనక ఉన్న రోడ్డు చూస్తావు, అక్కడ ఏ కారైనా గిర్రున తిరిగి ఆగిపోతే పసుపు జెండా ఊపుతావు. నేను నీ భుజం మీదుగా వచ్చే కార్లను చూస్తాను. మూడు రకాల కార్లు ఒకే రోడ్డు మీద ఒకేసారి పరుగెడతాయి. మెరుపులా పోయేవి, వాటి కంటే తక్కువవి, మనం బజార్లో చూసే కార్లలాంటివి. మెరుపు కారు మెల్లకారు వెనక్కి వచ్చేసరికి, 'వెనక దూసుకొస్తున్నాడు, చూసుకో' అని నేను నీలం జెండా చూపిస్తాను. ఆరు గంటల్లో కొన్ని వందలసార్లు. అన్నిటికంటే ముఖ్యం, నీ వీపు నేను కాస్తాను, నా వీపు నువ్వు కాస్తావు. ఏదన్నా అదుపు తప్పి మన మీదికి వస్తే చూసినవాళ్ళు కేక పెట్టాలి, రెండోవాళ్ళు తల తిప్పకుండా గోడ వెనక్కి దూకాలి. తల తిప్పి చూస్తే అయిపోయినట్టే."

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "అయితే మొగుడూ పెళ్ళాం రోజంతా ఎదురెదురుగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోరన్నమాట" అంది. "చూసుకోం, అతని చెవి పక్కనుంచి రోడ్డు చూస్తాను" అన్నాను. "నా మొగుడు పోయేదాకా నేనూ అంతేలే, దానికి జెండా ఎందుకు?" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత నేను స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు ఉండిపోయాను.

కిందటేడు జరిగినదానికి మళ్ళీ క్షమాపణ రాశావు. ఎన్నిసార్లు చెబుతావు? నాలుగో గంటలో ఆ తెల్లకారు గడ్డి మీదుగా జారి టైర్ల గోడని గుద్దడం, ఆ గోడ నీ మీదికి రావడం, నీ కాలు రెండుచోట్ల విరగడం, అంతా అయిపోయింది. విచారణకు వచ్చినవాళ్ళతో ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పావు, "మా ఆవిడ కేక పెట్టింది, నేనే వినిపించుకోలేదు. పొద్దున పోట్లాడుకున్నాం, నా బుర్ర ఎక్కడో ఉంది" అని. అవునా అని నన్నడిగారు. అవునన్నాను. ఇప్పుడు షెబోయ్‌గన్ వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకున్నావట. పిల్లాడి చెవుల్లా ఉన్నాయని డాక్టరంటే, మళ్ళీ పరీక్ష చెయ్యమని పట్టుబట్టావట. ఏమనాలి నిన్ను!

చెప్పిన మాట చెవికెక్కని మనిషితో ఉండలేననే నేనిక్కడికి వచ్చాను. ఆ మాట మీదే ఉన్నాను. ఆ చోటు ఇంకెవరికైనా ఇమ్మని లూథర్‌తో చెప్పు. కాలు చలికి సలపకముందే డాక్టరుకు చూపించుకో. టమాటా మొక్కలకు కర్రలు పాతావా?

వెర్నా

---

డులూత్
జూలై 25

డెల్,

ఈసారి తెల్ల కాగితమే. సంతోషం.

ఆ మార్లీస్ ఎవరు? స్కూలు బస్సు నడుపుతుందనీ, ఫాండులాక్ ఊరి మనిషనీ, నలభై మూడేళ్ళనీ రాశావు. వయసు నేనడిగానా? కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తుందని మెచ్చుకున్నావు. మంచిదే, అలాంటి మనిషే కావాలి నీకు. ఒళ్ళు మండలేదని అబద్ధం చెప్పను. అక్క ముందు ఆ ఉత్తరం మడిచి, "చోటు నిండిందట, పీడ వదిలింది" అన్నాను. అక్క పేకముక్కలు పంచుతూ, "నీ పీడ నీ మొహం మీదే కూచుంది చూసుకో" అంది.

ఆవిడతో ఈ మాటలు చెప్పు. నువ్వు నీళ్ళు తాగవు. అరగంటకోసారి సీసా నీ చేతిలో పెట్టాలి, తాగావా అని అడిగితే తాగానంటావు, అది నమ్మకూడదు. మూడో గంట దాటాక నీకు ఎడమ మోకాలు పట్టేస్తుంది, బరువు కుడి కాలి మీదికి మార్చుకుంటావు, అప్పుడు ఒక అడుగు గోడ దాటి బయటికి వస్తావు. నీకు తెలియదు. వచ్చినప్పుడల్లా "లోపలికి" అనాలి. అరవనక్కర్లేదు, పెదాలు కదిపితే చాలు, నీకు తెలుస్తుంది. మధ్యాహ్నం సాసేజీ రొట్టెలో ఆవాల ముద్ద ఎక్కువ వేసుకుంటావు, తర్వాత మంట అంటావు. ఇవన్నీ ఆవిడకి ఎవరు చెబుతారు? ఇన్నేళ్ళూ రోడ్డు తప్ప నీ మొహం చూడలేదనుకున్నాను గానీ, ఇక్కడ ఈ సరస్సు ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకుంటే రోడ్డు రావడం లేదు, నువ్వే వస్తున్నావు. నీ ఎడమ చెవి, చెవి మీద నెరిసిన వెంట్రుకలు, టోపీ కింద ఎండకి కమిలిన గీత. ఓడలు కూత వేసినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. మన కార్లు కావవి. అయినా లేస్తున్నాను. నువ్వు కావాలనిపిస్తోంది డెల్. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

అసలు సంగతి. ఉత్తరం చివర, ఏదో చిన్న విషయమన్నట్టు, ఈసారి ఎడమ చెవిలో రొద ఆపే ప్లగ్ పెట్టుకోనని రాశావు. "ఈసారైనా కేక వినబడాలి కదా" అన్నావు. నీకు మతిపోయిందా? ఆరు గంటలు ఆ రొదలో ఖాళీ చెవితో నిలబడతావా? మనకి నేర్పిన ముసలాయన అలాగే నిలబడి చివరికి మనవరాలి మాట వినబడక ఏడవడం మనిద్దరం చూశాం కదా! నీ చెవులకేమీ కాలేదు. డాక్టరు రెండుసార్లు చెప్పాడు, నేను మూడోసారి చెబుతున్నాను. ప్లగ్ పెట్టుకో. రెండు చెవుల్లోనూ పెట్టుకో. ఎందుకని అడగకు.

ఈ కింద రెండు వరుసలు రాసి కొట్టేశాను. వెలుగుకి పట్టి చదవడానికి ప్రయత్నించకు, బాగా కొట్టేశాను.

పెట్టుకో.

వెర్నా

---

మన వంటింట్లో
ఆదివారం, ఆగస్టు 6, మూడున్నర

నా డెల్‌కి,

బెదిరిపోకు. దొంగలు కాదు, నేనే. తాళంచెవి నా సంచిలోనే ఉంది, ఏడాదిగా అక్కడే ఉంది. రేసు ఇంకా అవలేదు, ఈ కిటికీలోంచి రొద వినబడుతూనే ఉంది. ఐదింటికి అయిపోయి, మీరందరూ బండి దగ్గర బీరు తాగి, నువ్వు ఇంటికొచ్చేసరికి ఆరున్నరవుతుంది. నోటితో చెప్పడానికి ధైర్యం చాలడం లేదు, అందుకే రాసి పెడుతున్నాను. పైగా ఈ పూట నీ చెవి గింగురుమంటూ ఉంటుంది, చెప్పినా వినబడదు.

నీకెలా తెలుసంటావా? చూశాను కదా. పొద్దున్నే అక్క నన్ను కారులో తీసుకొచ్చింది. ఐదో మలుపు ఎదురుగా ఉన్న గుట్ట మీద, మడత కుర్చీల వాళ్ళ మధ్యన కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ళలో ఎన్నడూ టికెట్టు కొని లోపలికి రాలేదు మనం, గేటు దగ్గర ఆ అమ్మాయి చేతికి కాగితం పట్టీ కడుతుంటే ఇంటి కోడలిని చుట్టంలా చూసినట్టు అనిపించింది. పక్కన సాసేజీలు కాలుస్తున్న పెద్దమనిషి ఒకటి చేతిలో పెట్టి, "మొదటిసారా అమ్మా?" అన్నాడు. "అవును" అన్నాను. అతని దగ్గరే బైనాక్యులర్ అడిగి తీసుకుని నిన్ను చూశాను. తెల్ల బట్టల్లో నిలబడ్డావు. బరువు కుడి కాలి మీద వేశావు. కుడి చెవిలో నారింజరంగు ప్లగ్ ఉంది. ఎడమ చెవి ఖాళీగా ఉంది.

నువ్వు ఎప్పుడన్నా నా మాట విన్నావా!

మూడో గంట మొదట్లో అది జరిగింది. నీ వెనక ఆ ఎర్ర మెరుపు కారు పసుపు కారుని లోపలి వైపు నుంచి దాటబోయింది. చక్రం చక్రం తగిలాయి. పసుపు కారు గడ్డి మీదికి వచ్చి, నేరుగా నీ వీపు మీదికి జారుతోంది. గుట్ట మీద అందరూ లేచారు. నేను కేక పెట్టాను డెల్. అంత దూరం నుంచి, ఆ రొదలో, గొంతు చించుకుని "డెల్!" అని అరిచాను. ఎవరికి వినబడుతుంది? మార్లీస్ అప్పటికే నోరంతా తెరిచి అరుస్తూ నీ కాలరు పట్టుకుని గోడ వెనక్కి లాగేసింది. మీరు లేచి దుమ్ము దులుపుకునేసరికి ఆ కారు నువ్వు నిలబడిన చోటే ఆగి ఉంది. ప్రాణం లేచొచ్చింది నాకు. అంతలో నువ్వు మార్లీస్ వైపు తిరిగి, నీ ఖాళీ చెవిని వేలితో తట్టి చూపించావు. నవ్వావు. ఏమన్నావో నాకు వినబడక్కర్లేదు. "ఈసారి విన్నాను చూశావా" అని ఉంటావు.

అక్కడే నా గుండె పగిలింది. కూర్చోలేకపోయాను.

ఇదిగో, కొట్టేసిన ఆ రెండు వరుసలు. కిందటేడు నేను కేక పెట్టలేదు. నువ్వు వినకపోవడం కాదు, వినడానికి ఏమీ లేదు. ఆ తెల్లకారు రావడం నేను చూడలేదు. రోడ్డు నాకు కుడివైపున ఉంటుంది కదా. నా కుడివైపు చూపు పోతోంది డెల్. దూరంగా ఎదురుగా వచ్చేవి బాగానే కనబడుతున్నాయి, దగ్గరికొచ్చి పక్కకి జరిగాయంటే మాయమైపోతున్నాయి. టైర్ల గోడ విరిగిన చప్పుడయ్యాకే తల తిప్పాను, అప్పటికి నువ్వు కిందపడి ఉన్నావు.

అప్పుడే తెలిసిందని చెప్పుకోగలిగితే ఎంత బాగుండేది. ఆ సంవత్సరం వసంతంలోనే తెలుసు. ఉత్తరాల డబ్బాని ట్రక్కుతో గుద్దినప్పుడు మంచు మీద జారిందన్నాను గుర్తుందా? మంచు లేదు. ఆ తర్వాత నీకు చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పక్క చూపు మెల్లగా మూసుకుపోతుంది, పోయింది తిరిగి రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది అన్నాడు. లూథర్‌కి చెబితే ఆ రోజే మలుపు నుంచి తీసేస్తాడు. ఇంకొక్క రేసు, ఆ ఒక్కటీ నీ ఎదురుగా నిలబడి చెప్పేద్దాం అనుకున్నాను. రేసు రోజు పొద్దున నువ్వు ట్రక్కు తాళాలు నా చేతిలోంచి తీసుకుని "నేను నడుపుతాలే" అన్నావు. నీకు తెలిసిపోయిందనుకుని నీ మీద విరుచుకుపడ్డాను. పాపం, నీకేమీ తెలియదు, ఊరికే అన్నావు. ఆ పోట్లాట వల్లే నా కేక వినబడలేదని ఏడాదిగా నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు.

వాళ్ళు "కేక పెట్టారా?" అని అడిగినప్పుడు లేదని చెప్పడానికి నోరు తెరిచాను. నువ్వు మంచం మీద నుంచి నా చెయ్యి నొక్కి, "పెట్టింది, దాని సంగతి నాకు తెలుసు" అన్నావు. అవునన్నాను. ఆ అవును తర్వాత నీ మొహం చూడలేకపోయాను. నీ కాలికి కట్టు కట్టిన ప్రతిసారీ నువ్వు నాకే సారీ చెబుతుంటే, ఆ ఇంట్లో ఊపిరాడలేదు. నువ్వు మాట వినవని వంక పెట్టి వెళ్ళిపోయాను. నీమీద కోపంతో పోయానని నువ్వు నమ్మావు, అక్క నమ్మింది, కొన్ని రోజులు నేనూ నమ్మాను. నాది కోపం కాదు, సిగ్గు. నీ వీపు కాయాల్సిన మనిషిని నేను, నిన్ను దాదాపు చంపాను, దాన్ని తీసుకొచ్చి నీ చెవులకి అంటగట్టాను.

గుట్ట దిగి నేరుగా లూథర్ దగ్గరికి వెళ్ళాను. వైర్‌లెస్‌లో అందరినీ తిడుతూ ఉన్నాడు. అంతా చెప్పాను. టోపీ తీసి తల గోక్కుని, "డెల్‌కి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"మరి ముందు నాకెందుకు చెబుతున్నావు తల్లీ? నేనేమన్నా నిన్ను కట్టుకున్నానా?"

"నువ్వు జెండా లాగేసుకుంటావని భయపడ్డాను. అది అయిపోతే తర్వాతది సులువని."

"జెండా లాగేసుకున్నాను. పో ఇంక ఇంటికి" అన్నాడు. నేను అడుగు తీసేసరికి వెనక నుంచి, "వెర్నా, వాడు నీ తెల్ల బట్టలు ప్రతి శనివారం ఇస్త్రీ చేస్తాడే. నాకు చెప్పి ఏడుస్తాడు" అన్నాడు.

అవి ఇక్కడ తలుపు వెనక వేలాడుతున్నాయి, చూశాను. చేతుల మీద మడత తప్పు చోట వేశావు. ఎంత బాగున్నాయో.

అందుకని ఇక ఆ బట్టలు వేసుకోను. ఐదో మలుపు మార్లీస్‌ది. మంచి మనిషి, చెయ్యి గట్టిది, నా మీద ఒట్టు, ఆవిడకి రేపు నేనే కేకు చేసి ఇస్తాను. ఆమె నిన్ను లాగిన క్షణంలో నాకు ఒకటి అర్థమైంది. నేను ఆ చోటు వదలాల్సిందే, తప్పదు. కానీ ఆ చోటుతో పాటు నిన్నెందుకు వదిలాను? అది ఎవరూ అడగలేదే, నేనే కలిపేశాను. ఇరవై ఏడేళ్ళు నిన్ను ఆ చోటులోనే చూసి చూసి, అది పోతే నువ్వూ పోయినట్టే అనుకున్నాను.

నీకు కోపం రావాలి. రాకపోతే నాకు ఇంకా కష్టం. సారీ మాత్రం చెప్పకు, ఈసారి నువ్వు చెబితే నిజంగానే డులూత్ వెళ్ళిపోతాను. అక్క కారు ఇంకా గేటు దగ్గరే ఉంది, ఏడింటిదాకా ఆగుతానంది. పొమ్మంటే పోతాను. తిట్టి ఉండమంటే ఉంటాను. రోజూ తిట్టినా ఉంటాను.

వెనక వరండాలో కూర్చుంటాను, టమాటా మొక్కల వైపు మొహం పెట్టి. ఇది చదివాక రా. వంటింటి తలుపులోంచి రాకు, అది నాకు కుడివైపు, నువ్వు పక్కకొచ్చి నిలబడినా నాకు తెలియదు. చుట్టూ తిరిగి ఎడమవైపు నుంచి రా డెల్. నువ్వు రావడం చూడాలి నేను.

నీ
వెర్నా